పన్నెండో టైమ్‌టేబుల్ వేసే ముందు

పల్నాడు జిల్లా నుంచి ఒక గ్రామ సచివాలయ ఉద్యోగిని పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కనుక, ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసివేసి సారాంశం మాత్రం ముందుగా ఇస్తున్నాను.

ఆమెకు 32 ఏళ్ళు. బీఎస్సీ ఎంపీసీఎస్ (గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్సు), ఆ తర్వాత బీఈడీ చదివారు. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు తొలి విడతలోనే డిజిటల్ అసిస్టెంటుగా ఎంపికయ్యారు. ఇంట్లో ఒకటో తరగతి చదివే బాబు, మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం చేసే భర్త, మోకాళ్ళ నొప్పులతో ఎక్కువగా మంచం పట్టునే ఉండే అత్తగారు ఉన్నారు. కాపురం పట్టణంలో, పనిచేసే ఊరు 24 కిలోమీటర్ల అవతల. స్కూటీ మీద రానూ పోనూ గంటన్నర పడుతుంది. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పెట్టే గ్రూప్-2 పరీక్ష రాసి డిప్యూటీ తహసీల్దారు కావాలన్నది డిగ్రీ రోజుల నుంచీ ఆమె కోరిక. 2023 డిసెంబరులో వచ్చిన నోటిఫికేషనుకు దరఖాస్తు చేసి, 2024 ఫిబ్రవరి 25న జరిగిన స్క్రీనింగు పరీక్ష గట్టెక్కారు. మెయిన్స్ ముందు జులై 28 అన్నారు, తర్వాత జనవరి 5 అన్నారు, చివరికి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. జులై వరకూ నిద్ర మాని చదివి, వాయిదా కబురు వినగానే నీరసపడి పుస్తకాలు అటక మీద పెట్టేసి, మళ్ళీ దించేసరికి సంక్రాంతి వెళ్ళిపోయిందని రాశారు. ఉద్యోగం రాలేదు. ఆ వెంటనే, ‘ఆడపిల్లకు టీచరు ఉద్యోగమే మేలు’ అని తండ్రి పట్టుబడితే మెగా డీఎస్సీ కూడా రాశారు. అదీ అందలేదు. ఇప్పుడు రెండు పుస్తకాల కట్టలూ బల్ల మీద ఉన్నాయి. వాటి పైగోడకు రంగు స్కెచ్ పెన్నులతో గీసిన టైమ్‌టేబుల్ ఉంది. రెండేళ్ళలో అది పదకొండోది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు వరకు, రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు చదవాలని ప్రతి దానిలోనూ ఉంది, వాటిలో ఏదీ ఆరో రోజు చూడలేదు. ‘అందరికీ ఉన్నవి ఇరవై నాలుగు గంటలే కదా, నాకే ఎందుకు చాలడం లేదు? నాలో పట్టుదల లేదా? ఇక మానేయమంటారా?’ అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరంతో పాటు, ఒక వారం రోజులు తన సమయం ఎలా గడిచిందో నిమిషాలతో సహా రాసి జత చేశారు.

అమ్మా, మీరు జత చేసిన ఆ నాలుగు కాగితాలకు ముందుగా కృతజ్ఞతలు చెప్పాలి. సమయం చాలడం లేదని నాకు రాసేవారు చాలామంది ఉన్నారు గానీ, అది ఎటు పోతోందో లెక్క రాసి పంపినవారు తక్కువ. పైగా మీరు నిజాయితీగా రాశారు. మంగళవారం రాత్రి సంగతి మీ మాటల్లోనే మళ్ళీ చదవండి: ‘9.10 పుస్తకం తెరిచాను. 9.20 బాబుకు రేపటికి థర్మోకోల్ ఇల్లు చెయ్యాలట, ఇప్పుడు గుర్తొచ్చింది. 9.50 మళ్ళీ కూర్చున్నాను. 9.55 ఆఫీసు గ్రూపులో మెసేజి, మ్యాపింగు ఎందుకు పెండింగులో ఉందో రేపు పదింటికల్లా రాసివ్వాలట. 10.15 ఎక్కడ ఆపానో వెతుక్కున్నాను. 10.25 పడుకున్నాను.’ ఆ రాత్రి మీరు పుస్తకం ముందు కూర్చున్నది ఇరవై అయిదు నిమిషాలు. అందులో పది నిమిషాలు ఆపిన చోటు వెతుక్కోవడానికే పోయాయి.

వారం మొత్తం కూడితే మీరు పుస్తకం పదిహేడు సార్లు తెరిచారు, ఆరు గంటల నలభై నిమిషాలు దాని ముందున్నారు. పట్టుదల లేనివారు పదిహేడు సార్లు తెరవరు. కనుక ఆ నింద మీ మీద మీరు వేసుకోవడం ఇక్కడితో ఆపండి. అయితే ఆ పదిహేడింటిలో ఏకబిగిన సాగింది ఆదివారం మధ్యాహ్నం చదివిన యాభై అయిదు నిమిషాలు ఒక్కటే, మిగిలినవాటిలో చాలా వరకు ఇరవై నిమిషాల లోపువి. అంటే మీకు సమయం లేకపోలేదు, ఉన్నది చిరుగుపాతలా ముక్కలు ముక్కలుగా ఉంది. చిరుగుపాతలతో బొంత కుట్టవచ్చు గానీ పట్టుచీర నేయలేము. మీరేమో పదకొండు సార్లూ పట్టుచీరకే పడుగు వేశారు.

ఇంకొక లెక్క కూడా మీ కాగితాల్లో ఉంది. గ్రూప్-2కు ఎలా చదవాలో, ఏ పుస్తకాలు కొనాలో, మొదటి ర్యాంకు వచ్చినవారు రోజు ఎలా గడిపారో చెప్పే వీడియోలు ఆ వారంలో మూడు గంటల పావు చూశారు. చదివిన సమయంలో దాదాపు సగం! పెళ్ళి పందిరి గురించి ఇంత చర్చ జరిగి, పెళ్ళి మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. నవ్వులాటకు అన్నానే గానీ మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, అలసిపోయిన మనసుకు చదవడం కన్నా చదువు గురించి వినడం హాయిగా ఉంటుంది. మీ టైమ్‌టేబుళ్ళకు మూలం కూడా ఆ వీడియోలే అని నా అనుమానం. నాలుగున్నరకు లేచి రోజుకు అయిదు గంటలు, ఎనిమిది గంటలు చదివే ఆ పద్ధతి ఎవరిది? కోచింగు సెంటర్లుండే అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో గది తీసుకుని, మెస్సులో భోజనం చేసి, మరో బాధ్యత లేకుండా చదువుకునే పాతికేళ్ళ అభ్యర్థిది. అతని చొక్కా మీకు సరిపోలేదని మీరు మీ ఒంటిని తిట్టుకుంటున్నారు.

మీ ఉద్యోగానికి రోజువారీ లయ లేదు, నెలవారీ లయ ఉంది. ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. ఒకటో తేదీన తెల్లవారకముందే బయలుదేరి ఇంటింటికీ పింఛన్లు పంచాలి, ముందు రోజు దానికి సంబంధించిన నగదు పని, మర్నాడు మిగిలిపోయినవారి పని. ఆ మూడు రోజులూ చదువు మాట ఎత్తకూడదు. ఆదివారాలు నాలుగు తీసి పక్కన పెట్టండి, వాటి సంగతి వేరుగా చెబుతాను. ఎప్పుడు వచ్చిపడుతుందో తెలియని సర్వేకూ, సాయంత్రం పూట పెట్టే టెలికాన్ఫరెన్సులకూ, బాబు జ్వరానికీ కలిపి మరో అయిదు రోజులు. ముప్పై రోజుల్లో ఈ పన్నెండు పోగా మిగిలేది పద్దెనిమిది. ఆ పద్దెనిమిది రాత్రులు గంటా పావు చొప్పున దొరికితే ఇరవై రెండున్నర గంటలు, నాలుగు ఆదివారాలు మూడు గంటల చొప్పున పన్నెండు గంటలు. ఒక ఆదివారం పేరంటానికి పోయింది, ఒక రాత్రి ఒంట్లో బాగాలేదు అనుకుని ముప్పై గంటలకే లెక్క కట్టినా ఏడాదికి 360 గంటలు. మీ పదకొండు టైమ్‌టేబుళ్ళు ఒక్కొక్కటి అయిదు రోజులు, రోజుకు అయిదు గంటలు చొప్పున సవ్యంగా నడిచాయనుకుందాం. రెండేళ్ళకు కలిపి మీకు దక్కింది 275 గంటలు, దానితోపాటు పదకొండు సార్లు ఓడిపోయానన్న దిగులు.

ఏడాదికి 360 గంటలతో గ్రూప్-2 వస్తుందా అని మీరు అడుగుతారు. వస్తుందని నేను హామీ ఇవ్వలేను, ఇచ్చేవారిని నమ్మవద్దు కూడా. మెయిన్స్‌లో ఉన్నవి నాలుగు భాగాలు: ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, భారత రాజ్యాంగం, భారత, రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ, శాస్త్ర సాంకేతిక రంగం. ఒక్కొక్కటి 75 మార్కులు. భాగానికి ఒక్క పుస్తకం చొప్పున పెట్టుకుని, దాన్నే రెండు సార్లు చదివి, పాత ప్రశ్నపత్రాలు చేయడానికి ఆ సమయం సరిపోతుంది. భాగానికి నాలుగు పుస్తకాలు, నెలకు రెండు వర్తమాన వ్యవహారాల మాసపత్రికలు చదవడానికి సరిపోదు. విస్తృతిలో మీరు పూర్తికాలం చదివేవారితో పోటీపడలేరు. తప్పు జవాబుకు మూడోవంతు మార్కు కోసే పరీక్షలో, చదివినంత మేరకు గట్టిగా రావడం మీకు అనుకూలించే విషయమే గానీ, మీ బల్ల మీది కట్టలో సగం అటకెక్కవలసిందే.

ఇక రెండు పడవల సంగతి. ఇక్కడ నిర్ణయం మీది, నేను దారులు, వాటి ఫలితాలు మాత్రం చెప్పగలను.

గ్రూప్-2 ఒక్కటే పెట్టుకుని, పైన చెప్పిన నెమ్మది నడకతో సాగడం ఒక దారి. దీనిలో చిక్కు ఏమిటంటే నోటిఫికేషను ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. మీరు రాసినదానికి ముందు నోటిఫికేషను 2018 డిసెంబరులో వచ్చింది, అంటే మధ్యలో అయిదేళ్ళ విరామం. మరోవైపు, వచ్చాక ఊపిరి పీల్చుకోనివ్వదు, 2023 డిసెంబరు 7న వస్తే స్క్రీనింగు 80 రోజుల్లో జరిగిపోయింది. కాబట్టి ఇప్పటి నుంచే ఆఖరి నెలలో పరుగెత్తినట్లు పరుగెత్తితే 2024 జులైలో జరిగినదే మళ్ళీ జరుగుతుంది. నిదానంగా చదువుతూ, సంపాదిత సెలవును ఖర్చు చేయకుండా దాచుకుని, నోటిఫికేషను వచ్చిన తర్వాతి వారాలకు వాడుకోవడం మేలు. సెలవు మంజూరు అధికారి చేతిలో ఉంటుంది కనుక, పరీక్షకు చదువుతున్న విషయం కార్యాలయంలో దాచిపెట్టకండి. ఎలాగూ నిరభ్యంతర పత్రం అడగవలసి రావచ్చు.

డీఎస్సీని ఎంచుకోవడం రెండో దారి. మీ డిగ్రీకి దగ్గరగా ఉండే చదువు, బాబు బడివేళలతో కలిసే ఉద్యోగం, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మార్కులకు ఇరవై శాతం వెయిటేజీ ఉంది కనుక ఇప్పటికే ఉన్న స్కోరు కొంత చేతికి అందివస్తుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు గానీ, అవి అన్ని జిల్లాలకూ అన్ని కేటగిరీలకూ కలిపి. మీ జిల్లాలో, మీ సబ్జెక్టులో, మీ రిజర్వేషను రోస్టరులో ఎన్ని ఉన్నాయో మీరు చూసే ఉంటారు. వచ్చాక పోస్టింగు ఇప్పటి 24 కిలోమీటర్ల కన్నా దూరం పడవచ్చు. వీటన్నిటి కన్నా నాకు ముఖ్యంగా కనిపించింది ఒకటుంది. మీ పదకొండు పేజీల్లో పాఠం చెప్పడం గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, అది ‘నాన్న’ అన్న మాటతో మొదలైంది. డిప్యూటీ తహసీల్దారు గురించి మాత్రం రెండు పేజీలు రాశారు. చిన్నప్పుడు పట్టాదారు పాసు పుస్తకం కోసం మీ తాతగారి వెంట మండలాఫీసు వరండాలో గంటల తరబడి కూర్చోవడంతో మొదలుపెట్టి.

రెండూ కలిపి చదవడం కుదరదా అంటే, వర్తమాన వ్యవహారాలు, కొంత జనరల్ నాలెడ్జి తప్ప ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది దాదాపు లేదు. నెలకు ముప్పై గంటలున్నవారు దాన్ని పదిహేను, పదిహేనుగా పంచితే రెండిటికీ చాలదు.

ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టి పూర్తికాలం చదవడం గురించి కూడా మీరు ప్రస్తావించారు. నోటిఫికేషను చేతిలో లేనప్పుడు ఈ దారి నాకు నచ్చడం లేదు. జీతం ఆగుతుంది, సర్వీసు మీదా ఇంక్రిమెంటు తేదీ మీదా ప్రభావం ఉంటుంది, అది ఎంతో మీ జీతాల బిల్లు పెట్టే అధికారిని (డీడీవో) అడిగి తెలుసుకోండి. అంతకన్నా, ఇంట్లో ఉన్న కోడలు చదువుకుంటోందని ఎవరూ అనుకోరు, ఖాళీగా ఉందనే అనుకుంటారు. పిల్లల సంరక్షణ సెలవు వాడుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. అది బాబు కోసం ఉద్దేశించినది, బాబుకే ఉంచండి.

బాబు మూడో తరగతికి వచ్చేదాకా రెండేళ్ళు ఆపడం కూడా ఒక దారే. దాన్ని ఓటమిగా చూడనవసరం లేదు. అలా ఆపితే చదివినది కొంత మరుపున పడుతుంది, మధ్యలో నోటిఫికేషను వస్తే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆపదలిస్తే పూర్తిగా ఆపండి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టేదీ క్యాలెండరు మీద రాసుకుని, పుస్తకాలు బల్ల మీద నుంచి తీసేయండి. చదవకుండా ఎదురుగా ఉంచుకోవడంలోనే అసలు అలసట ఉంది.

నన్ను అడిగితే నా మొగ్గు మొదటి దారి వైపు. మండలాఫీసు వరండా గురించి రాసినప్పుడు మీ చేతిరాత కూడా మారింది, బహుశా మీరు గమనించి ఉండరు. అయితే ఆ దారి నడవాలంటే ఇంట్లో ఒక సంగతి తేలాలి.

మీవారు మంచివారని, ‘చదువుకో, నేను వద్దన్నానా?’ అంటారని రాశారు. ఆ మాటలో అనుమతి ఉంది గానీ గంట లేదు. ప్రస్తుతం మీ ఇంట్లో మీ సమయం ఊరుమ్మడి చెరువులాంటిది, ఎవరికి ఎప్పుడు కావాలన్నా బిందె ముంచుకుంటారు, అందులో ఎవరి తప్పూ లేదు, అది ఎవరిదీ కాదనుకుంటున్నారంతే. మీవారు వారంలో నాలుగు రాత్రులు ఇంట్లో ఉంటారని మీ కాగితాలను బట్టి తెలుస్తోంది. ఆ నాలుగు రాత్రులు 8.45 నుంచి 10 వరకు బాబు హోంవర్కు, పాలు, పడక ఆయన చూసుకోవాలని స్పష్టంగా అడగండి. ‘కాస్త సాయం చేయండి’ అని కాక, రోజులూ వేళలూ పనులూ చెప్పి అడగండి. ఒక్క నెలకే అడగండి, నెల తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మొదటి వారం బాబు ఏడుస్తాడు. హోంవర్కులో కొట్టివేతలు పెరుగుతాయి. పాలు చల్లారిపోతాయి. ఆ గంటా పావు మీరు గదిలోంచి గొంతెత్తి సలహాలు ఇస్తే మాత్రం ఏర్పాటు రెండు రోజుల్లో కూలిపోతుంది. ఆయన ఒప్పుకోకపోవడం కూడా జరగవచ్చు. అప్పుడు పద్దెనిమిది రాత్రులు ఎనిమిదవుతాయి, ఏడాది లెక్క మూడోవంతుకు పైగా తగ్గిపోతుంది, ఆపడమా సాగడమా అన్నది ఆ సంఖ్యను చూసి తేల్చుకోవాలి. ఇలా అడగడం వల్ల కనీసం ఆ సంఖ్య తెలుస్తుంది.

అత్తగారు ‘ఇంకా ఎన్నాళ్ళే ఈ చదువు?’ అంటారని బాధపడ్డారు. ఆవిడ అడిగినదాన్ని దెప్పిపొడుపుగా కాక ప్రశ్నగానే తీసుకుని జవాబు చెప్పి చూడండి: ‘వచ్చే నోటిఫికేషను దాకా, అత్తయ్యా. ఆ తర్వాత ఇక రాయను.’ గడువు తెలిసిన కష్టాన్ని పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు. అయితే ఆ మాట నిజంగా అనగలిగితేనే అనండి.

ఆదివారం ఇంట్లో కూర్చోకండి. మన శాఖా గ్రంథాలయాలకు వారపు సెలవు సాధారణంగా శుక్రవారం కనుక ఆదివారం పొద్దున తెరిచి ఉంటాయి. మీ పట్టణంలోని గ్రంథాలయం వేళలు కనుక్కుని, టిఫిను ముగించి వెళ్ళి మూడు గంటలు కూర్చుని రండి. మీరు ఎదురుగా లేకపోతే ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇంట్లోవాళ్ళే వెతుక్కుంటారు. కొత్త పాఠాలన్నీ ఆ మూడు గంటలకే ఉంచండి. రాత్రుల గంటా పావు దాన్ని మళ్ళీ చదువుకుని ప్రశ్నలు చేసుకోవడానికి.

మధ్యాహ్న భోజనం తర్వాత పావుగంట, సర్వరు మొరాయించినప్పుడు పది నిమిషాలు దొరుకుతున్నాయి కదా, వాటిలో పాఠ్యపుస్తకం తెరవకండి. మెంటల్ ఎబిలిటీ లెక్కలు నాలుగో, పాత ప్రశ్నలు పదో ముందే కాగితం మీద రాసి హ్యాండుబ్యాగులో పెట్టుకోండి. ఫోనులో వద్దు, ఫోను తీస్తే గ్రూపు కనిపిస్తుంది. ఇంకొక చిన్న పని: పుస్తకం ఎప్పుడు మూసినా, ఎవరు పిలిచినా సరే, ఎక్కడ ఆపారో, తర్వాత ఏం చేయాలో ఒక్క ముక్క రాసి పేజీలో పెట్టి లేవండి. మంగళవారం రాత్రి పోయిన ఆ పది నిమిషాలు దానితో మిగులుతాయి.

నాలుగున్నర అలారం తీసేయండి. పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తే నిద్ర అయిదు గంటలు, ఆ నిద్రమత్తుతో పత్తి లారీలు తిరిగే రోడ్డు మీద మీరు స్కూటీ నడుపుతున్నారు. దీనిలో మాత్రం దారులు, ఫలితాలు అని చర్చించడానికి నాకు మనసొప్పడం లేదు.

తప్పిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. మీ ప్రతి టైమ్‌టేబులూ ఒకే విధంగా చచ్చిపోయింది. మూడో రోజు తప్పుతుంది, దాన్ని నాలుగో రోజుకు కలుపుతారు, నాలుగో రోజు చదవాల్సింది పది గంటలవుతుంది, అయిదో రోజు చార్టు వైపు చూడబుద్ధి కాదు. తీసుకోని పింఛను తర్వాతి నెలలో కలిపి ఇచ్చినట్లు చదువు బాకీ కలిపి తీర్చడం కుదరదు. తప్పినది తప్పిపోయినట్లే, మర్నాడు మర్నాటిదే చదవండి. ఆ తప్పడాలకు చోటు ఉంచే కదా ముప్పై రోజులను పద్దెనిమిది చేశాం.

గోడ మీది పదకొండో చార్టును ఈ రాత్రే తీసేయవచ్చు. పన్నెండోది గీయనవసరం లేదు, సచివాలయంలో ఇచ్చిన క్యాలెండరులోనే చదివిన రోజున ఒక చుక్క పెట్టండి, చాలు. మొదలుపెట్టడం మాత్రం ఒకటో తేదీన వద్దు, ఆ రోజు మీరు ఏ వీధిలో ఉంటారో మీకే తెలుసు. నాలుగో తేదీన మొదలుపెట్టండి. నెల తిరిగాక, ఎన్ని చుక్కలు వచ్చినా సరే, ఆ కాగితం కూడా నాకు పంపండి.